లీటరుకి ఎనిమిదిన్నర

గోవింద్‌పూర్, జంషెడ్‌పూర్
2 ఫిబ్రవరి 2025, ఆదివారం మధ్యాహ్నం

జుగ్సలాయి ఆటా గోదాము యజమాని శ్రీ పోలరాజు గారికి,

మీ పాత డ్రైవరు అసిరయ్య కూతురు ఈశ్వరి నమస్కరించి రాయునది. పెద్దవాళ్లకి రాసేటప్పుడు ముందు నమస్కారం పెట్టాలని మా అమ్మ నేర్పింది కాబట్టి పెట్టాను. అది మీ వయసుకి, మీకు కాదు. ఊహ తెలిసినప్పటినుంచీ మిమ్మల్ని బాబాయ్ అని పిలిచాను. జనవరి ఐదో తారీఖు నుంచి ఆ పిలుపు మానేశాను.

కుశలమా అని అడగను. మొన్న గోదాము ముందు నుంచి వెళ్తూ చూశాను, కుశలంగానే ఉన్నారు. హిందీలో రాస్తే నాకు తేలిక. కానీ మీరు మా నాన్నని తెలుగులో తిట్టారు, తెలుగు వాళ్ల ముందు తిట్టారు. జవాబు కూడా తెలుగులోనే ఉండాలి. నా తెలుగు మా తాతయ్య ట్రంకు పెట్టెలో దొరికిన యూనియన్ కరపత్రాలు చదివి నేర్చుకున్నది. ఎక్కడైనా ఉపన్యాసంలా వినిపిస్తే అది కరపత్రాల తప్పు. కోపం మాత్రం నా సొంతం.

ఆ రోజు మీరు చేసినది మీరు మరిచిపోయి ఉంటారు, అందుకే గుర్తు చేస్తున్నాను. అమ్మవారి గుడి దగ్గర మన తెలుగు సంఘం వాళ్లంతా కూర్చున్నారు. మీరు లేచి, పికప్ బండి లీటరుకి పన్నెండు కిలోమీటర్లు ఇచ్చేదనీ, ఇప్పుడు ఎనిమిదిన్నరకి పడిపోయిందనీ, మిగతా డీజిలు అసిరయ్య పైపు పెట్టి తీసి అమ్ముకుంటున్నాడనీ అన్నారు. పద్నాలుగేళ్లుగా మీ బండి నడిపిన మనిషిని ఒక్క మాట అడగలేదు. ప్రమాణానికని పళ్లెంలో కర్పూరం వెలిగించి, "డీజిలు అమ్మనేదు, యజమాని దగ్గిర ఏదీ దాచనేదు అనీసి ఆర్పీ. ఆర్పితే తాళాలు నీవే" అన్నారు.

మా నాన్న ఆ మంట వైపు చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు. మీరు వెంటనే, "సూసారా, అమ్మోరంటే బయిముందిరా ఈడికి" అని నవ్వి, అందరి ముందూ చెయ్యి చాపి తాళాలు తీసుకున్నారు.

పోలరాజు గారూ, మా నాన్న ఎందుకు ఆర్పలేదో నాకు తెలుసు. రోజూ అన్నాలయ్యాక నేను ఆయనకి కరపత్రాలు చదివి వినిపిస్తాను. నిజం తేలడానికి నిప్పుతో పని లేదు, కొలతతో పని. పని చేసేవాడి మీద అనుమానం వచ్చినప్పుడు రుజువు చూపించాల్సింది అనుమానించినవాడు. ఈ మాటలు ఆయన చెవుల్లో ఉన్నాయి. అందుకే మీ పళ్లేన్ని లెక్కచెయ్యలేదు. నేను గర్వపడ్డాను.

ఆ గర్వంతో కడుపు నిండదని ఆ వారంలోనే తెలిసింది. టెల్కో కాలనీలో ముగ్గురు బండి యజమానులు మా నాన్నని వాకిట్లోంచే పంపేశారు. టీ బడ్డీ దగ్గర డ్రైవర్లు, "అసిరయ్య భాయ్, ఆజ్ తేల్ కా క్యా భావ్ హై?" అని, ఇవాళ డీజిలు ధరెంతని ఎగతాళిగా అడుగుతున్నారట. ఆయన ఆ దారి మానేసి రైలు గేటు వైపు నుంచి చుట్టూ తిరిగి వస్తున్నాడు. యాభై ఆరేళ్ల మనిషి టీ తాగడానికి దారి మార్చుకున్నాడు. మీరు తీసుకున్నవి తాళాలొక్కటే కాదు.

ఇక అసలు సంగతి. మీ కొత్త డ్రైవరు సుదీప్ మహతో జనవరి పందొమ్మిదిన మా ఇంటికి వచ్చాడు. భయపడుతూ వచ్చాడు. అతని చేతిలో కూడా బండి ఎనిమిదిన్నరే ఇస్తోందట. మీరు అప్పుడే అతనితో, డ్రైవర్ జాతి అంతా ఒకటే అన్నారట. "దీదీ, నువ్వు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివావు కదా, చూసిపెట్టు, లేకపోతే వచ్చే నెల నా వంతు" అన్నాడు. ఇద్దరు మనుషులు, ఇద్దరి చేతుల్లోనూ అదే ఎనిమిదిన్నర. అప్పటికైనా దోషం బండిలో ఉందేమోనన్న ఆలోచన మీకు రాలేదు. మనిషిని అనుమానించడం తేలిక. బండి కింద దూరాలంటే బట్టలు మాసిపోతాయి.

నేను దూరాను. మీ 2011 పికప్ గురించి మీకన్నా నాకే ఎక్కువ తెలుసు ఇప్పుడు. చదవండి.

ముందు కొలిచాను. ట్యాంకు మూతి దాకా నింపించి, అరవై ఎనిమిది కిలోమీటర్లు తిప్పి, అదే బంకులో అదే పైపుతో మళ్లీ మూతి దాకా నింపించాను. ఎనిమిది లీటర్లు పట్టింది. బండి నా కళ్ల ముందే ఉంది, ఎవరూ పైపు పెట్టలేదు. అంటే ఆ డీజిలంతా ఇంజినే తాగింది.

బండి ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టాను. వెనక ఎడమ డ్రమ్ము పెనంలా కాలుతోంది. బ్రేకు వదలడం లేదు. కాలు తీసేసినా పట్టుకునే ఉంటోంది. మనిషి నడుముకి తాడు కట్టి వెనక్కి లాగుతూ పరిగెత్తమంటే ఎలా ఉంటుంది? అలా పరిగెత్తుతోంది మీ బండి. ఎయిర్ ఫిల్టరు విప్పితే లోపల గోధుమ పిండి. ఆటా గోదాములో తిరిగే బండికి దుమ్ముతో పాటు పిండి కూడా పీల్చక తప్పదు. దులిపితే చపాతీ చేసుకోవచ్చని సుదీప్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఫిల్టరు మార్చమని మా నాన్న మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగాడో నాకు తెలుసు. "దులిపీసి ఏసీ" అనేవారు మీరు.

ఇంకోటి పూర్తిగా మీదే. సెల్ఫు సరిగా అందుకోవడం లేదని, లోడింగ్ అవుతున్నంతసేపూ ఇంజిన్ ఆపొద్దని మీరే హుకుం ఇచ్చారు. జుగ్సలాయి సందులో రోజుకి గంటన్నర బండి నిలబడి డీజిలు తాగుతోంది, మీ మాట ప్రకారం. ఆ తాగినది కూడా మా నాన్న ఖాతాలో వేశారు. బ్యాటరీ పోయిందేమోనని చూశాను. పోలేదు. దాని కొసలకి పచ్చగా తుప్పు పట్టింది, ఎర్తు తీగ వదులైంది. గీకి బిగించాను. ఇప్పుడు ఒక్క తిప్పుకి అందుకుంటోంది. రెండేళ్లుగా మీరు కొననన్న బ్యాటరీ కొనే అవసరమే లేదు. సంతోషించండి.

ఇవన్నీ సరిచేస్తే బాగుపడాలి. జనవరి ఇరవై ఆరున సెలవు కదా, బండి మళ్లీ నా చేతికి వచ్చింది. చేసి చూస్తే తొమ్మిదిన్నర దాటలేదు. అప్పుడు ఇంజిన్ వేడి చూపించే ముల్లు చూశాను. చలిలో పన్నెండు కిలోమీటర్లు నడిపినా అది అడుగునుంచి లేవడం లేదు. ఇంజిన్ వేడెక్కడమే లేదు. చల్లటి ఇంజిన్‌లో డీజిలు పూర్తిగా మండదు, తడి కట్టెల పొయ్యిలాగ. అందుకని థర్మోస్టాట్ వాల్వు ఉండే గిన్నె విప్పాను. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపి, ఆ తర్వాత తెరుచుకునే చిన్న మూత అది. గిన్నె ఖాళీగా ఉంది. వాల్వు లేదు. అది ఊడిపోయే వస్తువు కాదు, ఎవరో తీశారు.

మీ బండికి రిపేర్లు చేసేది ఒక్క మెకానిక్ కూర్మారావే. ఇంకెవరు తీస్తారు? తీసి, వేరే బండికి వేసుకుని ఉంటాడు. నిన్న సాయంత్రం అతని షెడ్డుకి వెళ్లాను. అయిదారుగురు బండ్లవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందే అడిగేశాను. నువ్వు దొంగిలించిన వాల్వుకి మా నాన్న దొంగయ్యాడని అన్నాను. అతను చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "ఆ గిన్ని నానెప్పుడూ ఇప్పనేదమ్మా" అన్నాడు. అయితే గుడికొచ్చి కర్పూరం ఆర్పు అన్నాను, వెటకారంగా. "నడు, ఇప్పుడే ఆర్పుతాను" అని చెప్పులేసుకున్నాడు. దొంగకి ప్రమాణాలెంత సులువో చూడండని అక్కడున్నవాళ్లకి చెప్పి వచ్చేశాను. ఒకడు నవ్వాడు. కూర్మారావు ముఖం నల్లబడింది. నల్లబడాలి.

కొత్త వాల్వు నేను కొని వేశాను. ఆ ఖర్చు మీకు రాయను, మీ దగ్గర తీసుకోవడం నాకిష్టం లేదు. ఈ ఉదయం మళ్లీ కొలిచాను. ఎనభై కిలోమీటర్లకి ఏడు లీటర్లు. పదకొండు దాటింది. పద్నాలుగేళ్ల బండి ఇంతకన్నా ఇవ్వదు, ఇవ్వమని అడిగేవాడు మనిషి కాదు. కొలతలన్నిటికీ సుదీప్ సాక్షి, బంకు రసీదులు నా దగ్గరున్నాయి. అతన్ని పనిలోంచి తీసేస్తే ఈ ఉత్తరం నకలు సంఘంలో ప్రతి ఇంటికీ వెళ్తుంది.

నేను అడిగేది ఒక్కటే. వచ్చే ఆదివారం అదే గుడి దగ్గర, అదే మనుషుల ముందు లేచి నిలబడి, అసిరయ్య దొంగ కాదు, నేను తప్పు మాట అన్నాను అని చెప్పండి. ఉద్యోగం మీరు ఇచ్చినా మా నాన్న తీసుకుంటాడో లేదో నాకు తెలియదు. పేరు మాత్రం తిరిగి ఇవ్వాలి. అది మీ సొత్తు కాదు.

ఇట్లు,
మీ దయ అక్కర్లేని,
మీ మాట కోసం చూస్తున్న,
ఈశ్వరి

తా.క. సాయంత్రం ఆరు అవుతోంది. కవరు అంటించే ముందు ఈ ఉత్తరం మా నాన్నకి చదివి వినిపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను. బ్రేకు దగ్గరా పిండి దగ్గరా తల ఊపాడు. కూర్మారావు దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నాడు. "ఆడు తీసినట్టు నువ్వు సూసావేటే?" అని అడిగాడు. చూడలేదు, ఇంకెవరు తీస్తారు అన్నాను. "పోలరాజు కూడా అదే అన్నాడు కదే, ఇంకెవుడు తీత్తాడని" అన్నాడు.

ఆ వాల్వు తీసింది మా నాన్న. పోయిన మే నెలలో మీ లోడు వేసుకుని చాండిల్ వెళ్తుంటే, ఎండకి నీళ్లు మరిగి బండి ఆగిపోయిందట. పాత డ్రైవర్లు చేసే పనే చేశాడు. గిన్నె విప్పి, వాల్వు పీకి, మళ్లీ బిగించి, నీళ్లు పోసుకుని సరుకు వేళకి దించాడు. అడక్కుండా ఇంజిన్ మీద చెయ్యి వేస్తే పనిలోంచి తీసేస్తానని మీరన్నారు కదా, అందుకని చెప్పలేదు. ఎండాకాలం గడిచాక తిరిగి వేద్దామనుకుని మరిచిపోయాడు. దాని వల్ల డీజిలు తాగుతుందని ఆయనకి తెలియదు. నేనే ఇప్పుడు చెప్పాను.

కర్పూరం ఎందుకు ఆర్పలేదో అప్పుడు చెప్పాడు. నా కరపత్రాల వల్ల కాదు. "డీజిలు అమ్మనేదన్నది నిజిం. ఏదీ దాచనేదన్నది అబద్దం. రెంటికీ ఒకే కర్పూరం ఎలిగించారు. అమ్మోరి ముందర సగం నిజిం ఎలాగ సెప్పీది?" అన్నాడు. అప్పుడే ఎందుకు చెప్పలేదని అరిచాను. దొంగా అన్నాక చెప్పే మాట దొంగ మాటే అవుతుందట. నిన్న కూర్మారావు చెప్పినది నేను విన్నానా అని అడిగాడు.

కూర్మారావు గురించి రాసినది కొట్టెయ్యమన్నాడు నాన్న. నేను కొట్టెయ్యలేదు. మీరు చదవాలి. ఆర్పనందుకు మా నాన్నని మీరు దొంగన్నారు, ఆర్పుతానన్నందుకు కూర్మారావుని నేను దొంగన్నాను. మీకు కొలత లేదు. నాకు కొలత ఉంది, అయినా అది చూపించని మనిషి మీదికి వెళ్లాను.

మా నాన్న చొక్కా వేసుకున్నాడు. ఇప్పుడు మేమిద్దరం కూర్మారావు షెడ్డుకి వెళ్తున్నాం. అక్కడ నిన్నటి వాళ్లు అందరూ ఉండరు. అందుకని వచ్చే ఆదివారం గుడి దగ్గర కూడా అందరి ముందూ చెప్తాను. వాల్వు సంగతి మా నాన్న తనే లేచి చెప్తానన్నాడు. ఆ తర్వాత నేను కూర్మారావుకి క్షమాపణ చెప్తాను. చెప్పాక కూర్చోను. మీరు లేచేదాకా నిలబడే ఉంటాను.

ఈ.