పెద్దోళ్ళ పాట

మార్చి 4, మంగళవారం

మా యూట్యూబ్ ఛానల్‌కు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అదీ మా అమ్మ పాడిన ఎర్రావు పాట మీద! మూడుసార్లు చదివాను. పాట హక్కులు కుప్పంలో ఏదో స్టూడియోవట. సదుంలో మా పశువుల కొట్టం ముందర, ఫోను గోడకు ఆనించి, నేనే తీసిన వీడియో అది. తాతల నాటి నుంచి వస్తున్న పెద్దోళ్ళ పాటకు ఓనరేంది?

మార్చి 5

స్టూడియో వాళ్ళది విన్నాను. కీబోర్డు, డప్పులు, ఎవరో అమ్మాయి గొంతు. "ఎర్రావు రాలేదే, ఏ వంకన నిలిచిందో." మాట కూడా మార్చలేదు. వాళ్ళది నాలుగు నెలల కిందటిది, మాది రెండేళ్ళ కిందటిది. దొంగసచ్చినోళ్ళు.

మార్చి 6

అమ్మకు వినిపించాను. పాలు పిండుతూ చెయ్యి ఆపేసింది. అది పెద్దోళ్ళ పాట కాదట. తనే కట్టిందట! నేను కడుపులో ఉండగా ఎర్రావు తప్పిపోయిందట. మూడు రోజులు వెతుకుతూ, వాగుల వెంబడి, వంకల వెంబడి ఏడుస్తూ కట్టిందట.

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అరిచాను. అమ్మేమో, నేను కట్టినానని సెప్పుకుంటే పాటకు దిష్టి తగల్తాది మే, మనిండ్లల్లో ఎవురూ సెప్పరు, పెద్దోళ్ళదంటేనే నిలుస్తాది అనింది. ఆ మాత్రం తెలీదా అన్నట్టు చూసింది.

మార్చి 10, మధ్యాహ్నం, మదనపల్లె

లాయర్ మాధవీలత మేడమ్ రిజిస్ట్రేషన్ లేకపోయినా ఫర్వాలేదన్నారు. పాట కట్టినవాళ్ళదే హక్కట. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత వీడియో మొత్తం చూశారు. చివర్లో నా గొంతు, ఈ పాట ఎవరిదమ్మా అని. అమ్మ నవ్వుతూ, పెద్దోళ్ళది, నాదేముండాది అంటోంది. మేడమ్ ఫోను బల్ల మీద పెట్టేశారు. స్టూడియో వాళ్ళు ఇదే చూపిస్తారట, తనది కాదని ఆమే ఒప్పుకుంది కదా అని. ఇప్పుడు అమ్మ తనే కట్టానని రాసి సంతకం పెట్టాలట. అది పెట్టకపోతే కేసు లేదన్నారు. ఆ ప్రశ్న అడిగిన నోరు నాదే కదా.

అదే రోజు, 5:40, పుంగనూరు బస్టాండు

అమ్మకు ఫోన్ చేశాను. సంతకం పెట్టదట.

మార్చి 12

ఏడ్చాను. తిట్టాను. ఒక పూట అన్నం మానేశాను. అమ్మ కదల్లేదు. పోతే పోనీలే మే, ఇంగోటి కడతా అనింది. పాట కట్టడమంటే ముగ్గు వెయ్యడమా అని విసుక్కున్నాను.

ఏల కట్టలేను, ఇన్ని కట్టలేదా అనింది.

ఇన్ని అంటే?

మార్చి 13

ఛానల్ తెరిచి ఒక్కొక్కటే వినిపించి, ఇదీ నీదేనా అని అడిగాను. ప్రతిదానికీ తల ఊపింది. విత్తనాల పాట. వాన పాట. నన్ను నిద్రపుచ్చిన జోల. మొత్తం ముప్పై ఒకటి.

అన్నిటి కిందా "ట్రెడిషనల్, రచయిత తెలియదు" అని టైప్ చేసింది నేనే.