ఎండకు జడుసుకునే సోలార్

తిరుత్తణి,
శనివారం

ప్రియమైన బావమరిది మురళికి,

నేనూ మీ అక్క రాజామణీ కులాసా. అలవాటు కొద్దీ అలా రాశాను గానీ, ఇద్దరిలో ఒకరికి నీ మీద మండుతోంది. ఎవరికో నీకు తెలుసు.

ఇన్నేళ్ళ మరమగ్గాల మోతకు నా చెవులు పోయాయి. ఫోన్లో నీతో పోట్లాడలేను. అందుకే ఈ కాగితం. మేడ మీద నువ్వు సోలార్ పలకలు బిగించిన రోజు ఏమన్నావు? "ఇంకమీద సూర్యుడే మీ నాలుగు మగ్గాలూ ఆడిస్తాడు బావా, కరెంటాఫీసు ఈబీ వాళ్ళకి మీరే కరెంటు ఇచ్చేది" అన్నావు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ రెండూ లెక్కగట్టే కొత్త మీటరు పెట్టించావు. తక్కువ కరెంటు తాగుతాయని మోటార్లు కూడా మార్పించావు. మోటార్లు మంచివే, ఒప్పుకుంటాను. పలకల సంగతే అర్థం కావడం లేదు.

మబ్బు పట్టిన రోజు, పలకలిచ్చే కరెంటు చూపించే గోడ మీది పెట్టెలో అంకె ఓ మోస్తరుగా ఎక్కుతుంది. ఎండ ఫెళ్ళున కాసిన రోజు పడకేస్తుంది. సూర్యుణ్ణి చూసి జడుసుకునే సోలార్‌ను ఈ జిల్లాలో నువ్వొక్కడివే తెచ్చి ఉంటావు. కరెంటు బిల్లు ఎప్పటిలాగే వచ్చింది. పక్కింటి అలిమేలమ్మ నన్ను వీధిలో నిలబెట్టి చెవి దగ్గర అరిచింది: "ఏమయ్యా, మీ బామ్మర్ది పెట్టినాడే, అది సూర్యుడికా చంద్రుడికా?"

తొందరగా వచ్చి చూడు.

ఇట్లు,
చెవులు పోయినా కళ్ళున్న నీ బావ,
శివప్రకాశం

*

మణవాళనగర్,
గురువారం

ప్రియమైన బావగారికి నమస్కారాలు.

వెంటనే రాలేకపోయాను, కోప్పడకండి. తామరైపాక్కంలో రైతులకు సోలార్ మోటార్లు బిగిస్తున్నాం. ఈ పని తెమిలేదాకా మేనేజరు కదలనివ్వడు. అందుకే మా మెకానిక్ దేవేంద్రన్‌ను పంపాను. అతను వచ్చిన రోజు అక్కడ తుంపర పడుతోందట. వైర్లు, పెట్టె, పలకలు అన్నీ చూశాడు. "ఒక్క కొరవ లేదన్నా, అన్నీ సరిగానే ఉండాయి" అని చెప్పాడు.

మీ మాట నమ్మక కాదు బావా. మీ ఇంటి అంకెలు నా ఫోన్లోనూ కనిపిస్తాయి. మీరు రాసింది అక్షరాలా నిజం. ఎండ రోజుల్లో పొద్దున కాసేపు ఎగబాకి, ఉన్నట్టుండి కూలబడుతోంది. మళ్ళీ సాయంత్రం కాస్త లేస్తోంది. ఇంతవరకూ ఎన్నో ఇళ్ళకు పలకలు పెట్టాను, ఇలాంటి వింత చూడలేదు. నిద్ర పట్టడం లేదు.

పలకల మీద కొత్తగా ఏదైనా నీడ పడుతోందా? ఎవరైనా గోడ లేపారా? నీళ్ళ ట్యాంకు పెట్టారా? కాస్త చూసి రాయండి. అక్కనిచ్చిన ఇంటికి పుచ్చు సరుకు తెస్తానా బావా?

మీ బావమరిది,
మురళీధరన్

*

తిరుత్తణి,
మంగళవారం

మురళికి,

గోడా లేదు, ట్యాంకూ లేదు. నీడంటే అప్పుడప్పుడు ఎగిరిపోయే కాకిదే. దాని మీద కేసు పెట్టమంటావా?

వీధిలో ఏమంటున్నారో దాచను. ఎవరో తీసేసిన పాత పలకలు నువ్వు నాకు అంటగట్టావట. నేను నమ్మలేదు. కానీ కాదని గట్టిగా అనడానికి నోరు రాలేదు. ఆ మాటే నన్ను కాల్చేస్తోంది.

ఇంక నావల్ల కాదు. మగ్గం సంపాదించింది మగ్గమే తాగేస్తుంటే ఇంట్లో ఏం వండుకుంటాం? పాత ఇనుము కొనే పళనితో మాట్లాడాను. నాలుగు మగ్గాలూ అతనికి ఇచ్చేస్తాను. కవరైపేట్టైలో ఒక ఫ్యాక్టరీకి వాచ్‌మన్ కావాలట, పోతాను. మా నాయన నిలబెట్టిన మగ్గాలు నా చేతుల మీదుగా తుక్కులోకి పోవాలని రాసి ఉన్నట్టుంది. పలకలు నువ్వే వచ్చి విప్పుకుపో.

వాటిని మెచ్చుకునేది మీ అక్క ఒక్కతే. గంజి పెట్టిన నూలు ఇదివరకు ఆరడానికి సాయంత్రమయ్యేది. ఇప్పుడు ఎండెక్కగానే పలకల మీద పరిస్తే మధ్యాహ్నానికల్లా పెళపెళలాడుతోంది, ఆ వెంటనే రెండో వాయి కూడా పరుస్తోంది. ఇంత ఖరీదైన దండెం తిరుత్తణిలో ఇంకెవరికీ లేదు. ఆ మాత్రం మేలు చేశావు, సంతోషం.

శివప్రకాశం

*

మణవాళనగర్,
శుక్రవారం

బావా, బావా, బావా!

ముందు ఆ నూలు తీసెయ్యండి! ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదవండి.

తీశారా? ఇప్పుడు వినండి. ఆ పలకలు తాగేది ఎండ. దాని మీద మీరు దుప్పటి కప్పారు. పలకలన్నీ కాడికి కట్టిన ఎడ్ల లాంటివి. ఒకటి కూలబడితే మిగతావీ ఆగిపోతాయి. మబ్బు రోజున అక్క నూలు పరచదు, అందుకే అంకె ఎక్కుతుంది. దేవేంద్రన్ వచ్చింది తుంపర రోజు, ఇంక వాడికేం కనిపిస్తుంది? పైగా గంజి కారి అద్దాల మీద పొర కట్టి ఉంటుంది. నీళ్ళతో నానబెట్టి మెత్తని గుడ్డతో తుడవండి. గోకొద్దు.

తప్పు నాదే. నేత ఇంట్లో పుట్టినవాణ్ణి, మేడ మీద ఎండ ఎక్కడుంటే నూలు అక్కడికి పోతుందని నాకు తట్టొద్దా!

అక్కకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు. అందుకే ఇది తిరుత్తణి బస్సు కండక్టరు రఘు చేతికిస్తున్నాను. కొండ మీది స్వామి సాక్షిగా అడుగుతున్నాను, పళనిని ఆపండి. అయినా చెవులు వినపడని వాచ్‌మన్‌ను పెట్టుకునే ఫ్యాక్టరీ ఏదో, దొంగలే నడుపుతుండాలి.

మీ
మురళి

*

తిరుత్తణి,
బుధవారం

నా ప్రియమైన మురళికి,

బావ దీవెనలు. ఈసారి నిజంగానే కులాసా.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. రఘు ఉత్తరం తెచ్చేసరికే నేను ఆ ఉద్యోగం ఒప్పుకుని వచ్చేశాను. మర్నాడు పొద్దుటి బస్సుకు పోయి చేరాలి. మధ్యాహ్నం పళని బండి తెచ్చి మగ్గాలు ఎత్తుకుపోవాలి. మూట కూడా కట్టుకున్నాను.

ఉత్తరం చదివి మీ అక్క నెత్తి కొట్టుకుంది. "నేనే కదా పరిచినాను, నా తమ్ముణ్ణే కదా వీధంతా ఆడిపోసుకునింది!" అని ఒకటే ఏడుపు. నూలు మేడ మీదికి మోసిందేమో నేను. ఆమెను ఏమని ఓదార్చను?

తెల్లారుతూనే ఇద్దరం మేడెక్కాం. అద్దాల మీద గంజి, గిన్నెకు పట్టి ఎండిన దోసెపిండిలా అంటుకుని ఉంది. నేను నీళ్ళు పోశాను, ఆమె తుడిచింది. కిందికొచ్చి పెట్టె ముందు నిలబడ్డాను. ఎండ ముదిరే కొద్దీ అంకె ఎక్కుతోంది. నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి, అయినా కొత్త మీటరులో ఈబీకి ఇచ్చే లెక్క కూడా ఎక్కుతోంది. బస్సు వెళ్ళిపోయిందని మీ అక్క చేత్తో సైగ చేసింది. పోనీ అన్నాను. అప్పుడు మెట్ల మీద కూర్చుని, సిగ్గు విడిచి ఏడ్చాను మురళీ. గుండె మీది బండ దిగినట్టయింది.

పళని వచ్చి, మగ్గాల కేసి చూసి, కాఫీ తాగి పోయాడు. నూలు ఇప్పుడు పలకల కింద నీడలో ఆరుతోంది. కాస్త ఆలస్యమైనా రంగు చావడం లేదు. అలిమేలమ్మ రెండుసార్లు మేడెక్కి చూసింది. వాళ్ళింటికీ పెట్టాలంటే ఎవరిని అడగాలట.

నీ ఫోన్ ఎత్తొద్దని మీ అక్కకు చెప్పింది నేనే. అందుకు ఆమె అలిగి నాతో మాట్లాడడం మానేసింది. చెవిటివాణ్ణి కదా, మూడు రోజుల దాకా నాకు తెలియలేదు. నిన్ను అనుమానించినందుకు ఆమె నన్ను క్షమించింది. నువ్వు కూడా క్షమించాలి.

ఆదివారం తప్పక రా. మనిద్దరం కవరైపేట్టై పోయి రావాలి. ఆ ఫ్యాక్టరీవాళ్ళు నాకో ఖాకీ చొక్కా ఇచ్చారు. ఆ పొద్దున కంగారులో మీ అక్క చేతికి దొరికిన గుడ్డ అదే. అద్దాలన్నీ దాంతోనే తుడిచింది. ఉతికి ఆరేశాం, ఇస్త్రీ చేయించి తిరిగి ఇచ్చేద్దాం. ఉద్యోగం ఎందుకు వద్దని అడిగితే ఏం చెప్పాలో ఇప్పట్నుంచే అనుకుంటున్నాను.

"ఇంట్లో నాకు పనుండాది సార్" అంటాను.

ఎదురుచూసే నీ బావ,
శివప్రకాశం