సుజాత అడిగిన మందు
ఆగస్టు 2006, శుక్రవారం రాత్రి, కోడుమూరు

పదో తరగతి పిల్లలకు ఒక ఇంగ్లిషు నవల కథ ఈరోజు చెప్పి ముగించాను. అందులో సర్కారు మందిచ్చి, చనిపోయినవాళ్లను జనం మరిచిపోయేలా చేస్తుంది. అది మంచిదా, చెడ్డదా అని అడిగాను. అందరూ చెడ్డదన్నారు. సుజాత ఒక్కతే లేచింది.

"ఆ మందు మా తమ్మునికి కావల్ల టీచర్. నాయన్ను నరికిన్నాటి చొక్కా మా అవ్వ దినామూ వానికి చూపిస్తాండాది. పెద్దయినాక ఏం చేయల్లో చెప్తాండాది."

జ్ఞాపకాలే మనిషికి బలమని చెప్పాలనుకున్నాను. కానీ తమ్ముడికి ఎన్నేళ్లని మాత్రం అడిగాను.

"ఏడు టీచర్. అవ్వ ఆ చొక్కా పెట్టిన పెట్టె తెరిస్తే నా ఎనకాల దాక్కుంటాడు."

రేపు వాళ్లింటికి వెళ్లాలి. కొడుకును పోగొట్టుకున్న ఆ ముసలామె ఎదుట కూర్చుని ఏమని మొదలుపెట్టను...