నాయన చెయ్యి, నేను తెచ్చిన రాయి

అన్న సుబ్బన్నకు తమ్ముడు ఓబులేసు కువైట్ నుంచి దండాలు పెట్టి రాసేది. నేనిక్కడ బాగున్నాను. నాయన, నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? కమలాపురంలో వాన పడిందా? ఇక్కడ ఎండ మన ఎండే గానీ దుమ్ముగాలి ఎక్కువ. తిండికి లోటు లేదు. సంగటి ముద్ద కోసం మాత్రం ప్రాణం లాగుతోంది. నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఫోనుంది కదా, ఈ కాగితమెందుకంటావేమో. ఫోనులో చెప్పడానికి నోరు రాలేదన్నా.

మా సెలూన్ సేటు బ్లేడ్లు మానేసి, మన మాదిరి మడత కత్తితో గడ్డాలు గీయించాలని పట్టుబట్టాడు. చివరి పదునుకని జపాన్ నుంచి ఐదు సానరాళ్లు తెప్పించాడు. కొండలోంచి కోసినవట, ఒకటున్నట్టు ఇంకొకటి లేదు. "మీ నాయనదీ ఇదే పని కదా, ఒకటి ఎంచు. శుక్రవారం మొదటి గడ్డం నాదే. కుదిరితే కత్తి కుర్చీ నీదే" అన్నాడు. ఇన్నాళ్లూ నాది తలలు కడిగే పనే కదా!

తల తిరిగిపోతోందనుకో. గట్టి రాయి మంచిదని సేటు, మెత్తటిదే మంచిదని పక్క కుర్చీ మలయాళీ. ముందు చిన్న రాయితో రుద్ది పాలలాంటి బురద తీయాలని ఒకరు, ఒట్టి నీళ్లు చాలని ఒకరు. పసుపు రాయి మీద నూరితే సోమవారం కత్తి వెన్న మీద జారినట్టు జారింది. అదే కత్తి, అదే రాయి, మంగళవారం వెంట్రుకలు పీకింది. తప్పు రాయిదో, నీళ్లదో, నా చేతిదో! పరీక్షలు చేసి చేసి నా రెండు చేతుల మీదా ఒక్క వెంట్రుక మిగల్లేదు.

సేటు మనసు ఆకుపచ్చ రాయి మీద ఉంది. దాన్ని తడిపి, నాయన నేర్పినట్టు బొటనవేలి గోరు దాని మీద మెల్లగా లాగాను. ఒకచోట గీరుకుంది. కంటికి కనపడని గరుకు చార. అది తగిలితే కత్తి అంచుకు గాటు పడుతుంది. నాయనకు నేను తెచ్చిన రాయి గుర్తొచ్చిందన్నా.

నేను ఇంటర్ చదివేటప్పుడు, చూపు మసకబడిన నాయన, బండలు కోసే చోట కుప్పలోంచి సానరాయి ఏరుకు రమ్మన్నాడు. ఆటకు పోవాలని పైనున్నది పట్టుకొచ్చాను.

"గోరు పెట్టి చూసినావారా?" అన్నాడు.

"చూసినా నాయనా, శానా నున్నగ ఉండాది" అన్నాను.

చూడలేదన్నా. నా మాట నమ్మి ఆయన మళ్లీ చూసుకోలేదు. నాలుగో రోజు పందిట్లో పెళ్లికొడుకు చెంప తెగింది. "నీ చెయ్యి వణుకుతాండాది, ఇంక చాలించప్పా" అన్నారందరూ. నాయన కత్తి తుడిచి పొదిలో పెట్టాడు. మళ్లీ తీయలేదు.

ఆకుపచ్చ రాయి వద్దని సేటుకు చెప్పేశాను. "ఖరీదైంది అదే, నీకేం తెలుసు?" అని ముఖం మాడ్చుకున్నాడు. మిగతా నాలుగింట్లో ఏది మంచిదో నాకింకా అంతు పట్టలేదు. శుక్రవారం కుర్చీ దక్కుతుందో, మళ్లీ తలలు కడగడమేనో తెలియదు.

పిల్లలకు నా ముద్దులు, వదినకు నమస్కారాలు. నాయన కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు. ఈ ఉత్తరం చదివి వినిపించే ముందు ఒక పని చెయ్యన్నా. నేను తెచ్చిన ఆ పాత రాయి పెరట్లో ఉంటుంది. కడిగి, నాయన బొటనవేలు పట్టుకుని గోరు దాని మీద లాగించు. చార తగులుతుంది. ఆ పొద్దు పందిట్లో ఆయన చెయ్యి వణకలేదు.

మీ దీవెన కోరే తమ్ముడు,
ఓబులేసు