తప్పని చెప్పని నరసమ్మ

మంగళవారం

విసుగొచ్చేసింది. పలాస జీడిపప్పు కార్ఖానాలో మా కాలేజీలో చేసిన రోబో చేతిని పెట్టి పది రోజులైంది. విరగని గుండు పప్పును ఒక పళ్ళెంలో, ముక్కను ఇంకో పళ్ళెంలో వెయ్యడం దానికి నేర్పాలి. పక్కన కూర్చున్న మనిషి ‘బాగుంది’, ‘తప్పు’ అంటుంటే అదే నేర్చుకుంటుంది. ఆ పనికి ఏళ్ళ తరబడి పప్పు ఏరుతున్న నరసమ్మను కూర్చోబెడితే, ఆవిడ అన్నిటికీ ‘బాగుంది’ అంటుంది!

“ముక్కను గుండుల్లో వేసింది కదా, తప్పనవేం?” అని అరిచాను.

“ఇప్పుడిప్పుడే నేర్సుకుంటంది కదమ్మా. నాను నేర్సుకున్నప్పుడు తప్పు సేత్తే మా అత్త సేతి మీద కొట్టేది. నానూ అలాగే సెయ్యాలేటి?”

“అది మనిషి కాదు నరసమ్మా! నువ్వు లే, నేనే చెప్తాను.”

ఆవిడ లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నమంతా నేను తప్పు, తప్పు అంటూనే ఉన్నాను. సాయంత్రానికి ఆ చెయ్యి పప్పు ముట్టుకోవడమే మానేసింది. ఏం చేసినా తప్పే అయితే ఏమీ చెయ్యకపోవడమే మేలని నేర్చుకుంది. ఎల్లుండి ప్రిన్సిపాల్ గారు చూడ్డానికి వస్తున్నారు.

రేపు పొద్దున్నే నరసమ్మను బతిమాలి తీసుకురావాలి. వస్తుందో రాదో. వచ్చి మళ్ళీ అన్నిటికీ ‘బాగుంది’ అంటే అననీ, ఆ చెయ్యి మళ్ళీ పప్పు ముట్టుకుంటే చాలు. నేను మాత్రం ఆ గదిలో నోరు మూసుకుని కూర్చోవాలి. కూర్చోగలనా...