అమ్మమ్మ వేసిన రెండులు

ఎడిసన్, అక్టోబర్ 4

ప్రియమైన ఆద్యకి,

నువ్వు పంపిన ఫారం అందింది. చిన్నపిల్లలకు చదువు చెప్పబోయే మీ స్వభావాలేమిటో, ఆ పని మీద మీకున్న ఇష్టానికీ వాటికీ సంబంధమేమిటో మీ ప్రొఫెసర్ చూస్తారన్నావు. నీ గురించి నువ్వొకటి, నిన్ను బాగా ఎరిగినవాళ్ళొకటి నింపాలన్నావు. నలభై ప్రశ్నలు! పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరు. "ఈమె నలుగురితో కలుపుగోలుగా ఉంటుందా?" ఉంటే ఆ నలుగురికే పంపేది, నాకెందుకు పంపుతుంది?

ముప్పై ఏళ్ళు బళ్ళో మార్కులు వేసిన చెయ్యి. నా పద్ధతిలో వేసి ఈరోజే మీ ప్రొఫెసర్‌కి పోస్టు చేశాను. వేళకి తిను.

నీ మీద ఓ కన్నేసి ఉంచే
అమ్మమ్మ ఉమామహేశ్వరి

*

ఇర్వింగ్, అక్టోబర్ 18

ప్రియమైన అమ్మమ్మకి,

ఫారాలు మాకు తిరిగి ఇచ్చారు. ఐదుకి నువ్వు ఎంతెంత వేశావో చూశాను. ఓర్పు, రెండు. పిల్లలతో ప్రేమగా ఉండటం, రెండు. మంచి టీచర్ అవుతుందా, రెండు. నాకు నేనే మూడులు వేసుకున్నాను. ఇది జస్ట్ ఒక ఎక్సర్‌సైజ్ అన్నారు ప్రొఫెసర్. కానీ నీకన్నా నన్నెరిగినవాళ్ళు ఎవరున్నారు?

ట్రైనింగ్‌కి వెళ్ళే ప్రీస్కూల్‌లో మిగతా ట్రైనీలు పాడతారు, గెంతుతారు. నాకు అవేవీ చేతకావు. మాయ అని నాలుగేళ్ళ పిల్ల ఎవరితోనూ మాట్లాడదు. నేనూ మాట్లాడకుండా దాని పక్కన కూర్చుని బ్లాక్స్ పేరుస్తాను. మధ్యలో ఒక బ్లాక్ దాని వైపు జరుపుతాను. నేను చేసేది అంతే.

ముప్పయ్యో తేదీ శుక్రవారం ఈ కోర్స్ డ్రాప్ చేసి డేటా సైన్స్ చదువుకి మారిపోతాను. డ్రాప్ ఫారం నింపేశాను. నీ మీద కోపం లేదు. నిజం చెప్పావు.

నీ ఆద్య

*

ఎడిసన్, అక్టోబర్ 26

బంగారు తల్లీ ఆద్యా,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. అందుకే దీన్ని రేపటికల్లా అందేలా కొరియర్‌లో పంపిస్తున్నాను.

తప్పు నాది. ఈ వాక్యం నేను రాయడం ఇదే మొదటిసారి, దాచుకో. మనింటి పిల్లని మనమే పైవాళ్ళ ముందు మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని, నా గురించి ఎవరడిగినా మా అమ్మ "ఏదో, అలా ఉంది" అనేది. మీ అమ్మ నా క్లాసులో చదివినప్పుడు నేనూ దానికి ఓ ఐదు మార్కులు తగ్గించే వేశాను. పరాయివాళ్ళ చేతికెళ్ళే కాగితం మీద నీకు ఐదు వేయడానికి చెయ్యి రాలేదు. అమ్మమ్మ వేసిన రెండంటే ఎంతో చూసేవాళ్ళకి తెలుస్తుందిలే అనుకున్నాను. మీ టెక్సస్‌లో తెలియదట. నీకూ తెలియదని తట్టలేదు.

మరో సంగతి. అలాంటి ఫారమే నా గురించీ నింపి చూసుకున్నాను. చొరవ, ధైర్యం, కలుపుగోలుతనం, అన్నీ ఐదులే. ఈ పెద్ద నోటితోనే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకటో తరగతికి వెళ్ళాను. ముగ్గురు పిల్లలు జడిసి నిక్కర్లు తడుపుకున్నారు. నెల తిరక్కుండా హెడ్మాస్టరు నన్ను పదో తరగతికి మార్చారు. పసిపిల్లల పక్కన ఊరికే కూర్చోవడం నాకు ఈ వయసుకీ చేతకాలేదు. నీకు వచ్చు.

మానేస్తే మానెయ్. నా రెండులు చూసి మాత్రం మానకు.

తల దించడం అలవాటు లేని
అమ్మమ్మ

*

ఇర్వింగ్, నవంబర్ 1

ప్రియమైన అమ్మమ్మకి,

కొరియర్ మంగళవారమే వచ్చింది. నీ మాట నమ్మాలనే ఉంది, కానీ ఎంతైనా నువ్వు నా అమ్మమ్మవి. అందుకే శుక్రవారం డ్రాప్ ఫారం బ్యాగ్‌లో పెట్టుకునే ప్రీస్కూల్‌కి వెళ్ళాను.

ఆ రోజు రియా అని కొత్త పిల్ల చేరింది. తలుపు దగ్గరే కూర్చుని ఒకటే ఏడుపు. ట్రైనీలు పాట పాడారు, బొమ్మలు ఆడించారు. ఇంకా ఏడ్చింది. నేను లేవబోయేలోపే మాయ వెళ్ళి దాని పక్కన చతికిలపడింది. ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక ఒక బ్లాక్ దాని వైపు జరిపింది.

నేను ఆ ఫారం ఇవ్వలేదు.

నీ గురించి కూడా ఆ నలభై ప్రశ్నల ఫారం ఒకటి నింపి దీంతో పంపిస్తున్నాను. తెలివి, రెండు. ప్రేమ, రెండు. మంచి అమ్మమ్మేనా, రెండు. అన్నీ మన పద్ధతిలోనే వేశాను. ఓర్పు దగ్గర వేసిన ఒకటి మాత్రం నిజం.

నీ ఆద్య