దండెం చెప్పిన అద్దె

ఫైసల్ వీధి, గీజా, ఈజిప్టు
ఏప్రిల్ 21

నా బంగారు నాన్నకు,

నీ రెండు మోకాళ్ళకూ నీ కూతురి ముద్దులు. ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న బాసిత్ బాబాయికి సలాం. బాబాయ్, దయచేసి దీన్ని వంట దగ్గర అందరి మధ్యా చదవకండి. గది తలుపు వేసి, నాన్నను కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి చదవండి. గ్లాసు నిండా వద్దు, సగమే పోయండి. రెండో పేజీలో నాన్న ఎగిరి లేస్తాడు.

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఎలా చెప్పను? ఫోను మోగగానే అమ్మ స్పీకరు పెడుతుంది, కింద ఇస్త్రీ షాపువాడు కూడా వింటాడు. పైగా రెండో తరగతిలో నేను రాసిన మొదటి ఉత్తరం అందినప్పుడు నువ్వేమన్నావు? "ఫోనులో మాట గాలికి పోతుంది, కాగితమైతే మూడుసార్లు చదివించుకుంటా" అన్నావు. ఇది మూడుసార్లు చదివించుకోవాల్సిన సంగతే.

నాన్నా, నేనొకటి కనిపెట్టాను! తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే బాబాయి క్షమించాలి.

ఐదో అంతస్తు స్లాబుకని నువ్వు కువైట్ నుంచి డబ్బు పంపి మూడు నెలలైంది. పంపుతూ "ఇదొక్కటి పూర్తయితే వచ్చేస్తా" అన్నావు. నాలుగో అంతస్తప్పుడూ అదే మాట అన్నావు. స్లాబు పడితే గోడలు, గోడలు లేస్తే పైపులు, పైపులయ్యాక టైల్సు. నేను లెక్కవేశాను, ఇంకా మూడేళ్ళు. నీకు యాభై ఎనిమిది. ఇరవై రెండేళ్ళుగా పరాయివాళ్ళ ఇళ్ళలో మోకాళ్ళ మీద పాకుతూ టైల్సు పరుస్తున్నావు.

పోయిన నెల బ్రోకరు షాబాన్ హాజీ వచ్చి, నాలుగు చెంచాల చక్కెర వేసిన టీ తాగుతూ అమ్మకు చెప్పాడు: "అక్కా, నీది ఇల్లు కాదు, బంగారు గని. ఆ స్లాబు త్వరగా వేయించు. ఇక మీదట నెల అద్దె తొమ్మిది వేల పౌండ్లకు తక్కువ అన్నవాడిని మెట్లే ఎక్కనీయకు."

"ఎవరిచ్చారు హాజీ తొమ్మిది వేలు? పేరు చెప్పండి" అన్నాను.

"అడుగుతున్నారు ఇంజినీరమ్మా! వీధంతా అడుగుతోంది."

"అడిగేది ఇళ్ళవాళ్ళు. ఇచ్చిందెవరని అడుగుతున్నాను."

"చూశావా అక్కా? కాలేజీకి పంపితే ఇంటికొచ్చినవాళ్ళను పోలీసులా నిలదీస్తోంది."

అమ్మ నన్ను కళ్ళతోనే కాల్చి, "నోరు మూసుకుని హాజీకి ఇంకో టీ పట్రా" అంది.

టీ ఇచ్చాను. మర్నాడు నా స్నేహితురాలు సబ్రీన్‌ను వెంటబెట్టుకుని, పెద్దత్త ఉంగరం వేలికి పెట్టుకుని, పెళ్ళి కుదిరినదానిలా ఇళ్ళు చూడ్డానికి బయల్దేరాను. నాలుగు రోజుల్లో పంతొమ్మిది ఇళ్ళు! ఒక ఇంట్లో నాలుగో అంతస్తులో నిలబడి ఇంటావిడ "తొమ్మిది వేలు, ఒక్క పౌండు తగ్గను" అంది. మేం సలాం చెప్పి దిగుతున్నాం. మూడో అంతస్తు చేరేసరికి మెట్ల సందులోంచి కేక: "అమ్మాయ్, ఎనిమిది!" రెండో అంతస్తులో "ఏడున్నర, పెళ్ళికూతురివని!" మేం గేటు దాటేసరికి ఆవిడ చెప్పులు లేకుండా కిందికొచ్చింది. "ఆరున్నర తల్లీ, ఫ్రిజ్ కూడా వదిలేస్తా, ఐదు నెలలైంది ఖాళీ పడి." సబ్రీన్ నవ్వాపుకోలేక దగ్గు నటించింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ చెప్పింది తొమ్మిది, ఆవిడకు కావలసింది ఆరున్నర. షాబాన్ హాజీ మనకు చెప్పేది ఎప్పుడూ నాలుగో అంతస్తు ధరే.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మన మూడో అంతస్తులో ఉండే ఆమ్నా అక్క చుట్టుకునే తోబ్ గుర్తుందా? ఆ నాలుగున్నర మీటర్ల రంగురంగుల బట్ట. సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ ఇల్లేదో దండెం చూస్తేనే తెలిసిపోతుంది. మనవాళ్ళ బట్టలు దండెం మీద కూర్చుంటాయి, వాళ్ళ తోబ్ కింది అంతస్తు దాకా జారుతుంది. రెండేళ్ళ క్రితం వాళ్ళు వచ్చాకేగా మన వీధి అద్దెలు ఒక్కసారి మూడింతలయ్యాయి. అందుకని జనవరి నుంచి ప్రతి శుక్రవారం పొద్దున, అందరూ బట్టలు ఆరేసే వేళకు, మన మేడ మీద నీ పిల్లర్ల ఊచల మధ్య నిలబడి లెక్కపెడుతున్నాను. జనవరి మొదటి శుక్రవారం అరవై మూడు తోబ్‌లు. ఫిబ్రవరి చివర నలభై ఎనిమిది. పండగ తర్వాత ముప్పై ఒకటి. మొన్న పంతొమ్మిది. వాళ్ళు ఇళ్ళకు తిరిగి వెళ్ళిపోతున్నారు నాన్నా! ఆ దండేలు ఖాళీగా ఊగుతున్నాయి, ఇళ్ళవాళ్ళింకా తొమ్మిది వేలే అంటున్నారు. ధర పడబోతోందని ఈ వీధిలో అందరికంటే ముందు తెలిసింది నీ కూతురికే!

ఇప్పుడు టీ గ్లాసు కింద పెట్టు.

నేను మేస్త్రీ గిర్గిస్‌కు ఒక్క పౌండు కూడా ఇవ్వలేదు. స్లాబు పడలేదు. డబ్బు బ్యాంకులో ఎలా ఉందో అలానే ఉంది. "సిమెంటు కోసం ఆగారట" అని అమ్మ ఫోనులో నీకు చెబుతుంటే, ఆ అబద్ధం ఆమెకు చెప్పినదాన్ని నేనే, పక్కనే తలొంచుకుని నిలబడ్డాను. అద్దెకివ్వడానికి ఇంకో అంతస్తు ఇప్పుడు వద్దు నాన్నా. ఉన్న మూడు వాటాలూ ఖాళీ పడకుండా చూసుకుంటే చాలు, నువ్వు ఇంటికి రావచ్చు. తిట్టు. కానీ తిట్టాక రెండో పేజీ మళ్ళీ చదివించుకో.

నీ కాళ్ళ దగ్గర కూర్చున్నట్టే,
నగ్లా

*

మే 12

ప్రియమైన నాన్నకు,

నీ జవాబు అందింది. బాసిత్ బాబాయి అక్షరాలైనా కోపం నీదే. "చదువు చెప్పిస్తే ఇంటి మీద కప్పు వేస్తావనుకున్నా, ఊరివాళ్ళ దండేలు లెక్కపెడుతున్నావా? స్లాబు వెయ్యి." అంతే, సలాం కూడా లేదు. అయితే కాగితం అంచున బాబాయి సన్నగా రాశాడు: 'ఫ్రిజ్ ఇచ్చే ఆవిడ దగ్గర నవ్వాడమ్మా. ఆ పేజీ నాతో నాలుగుసార్లు చదివించాడు.' ఆ అంచు చూసుకుని బతుకుతున్నాను.

స్లాబు వేయలేదు. ఇంకా విను.

నీ జవాబు వచ్చిన రోజే ఆమ్నా అక్క కిందికొచ్చింది. ఆ వారమే సూడాన్‌లో తమ ఊరు ఒమ్దుర్మాన్‌కు వెళ్ళిపోతున్నారట, బస్సుకు పేర్లు రాయించారు. నా మనసులో ముల్లులా ఉన్నదొకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెబుతాను. రెండేళ్ళ క్రితం ఆ వాటాలో ఎవరున్నారు? మైక్రోబస్సు సయ్యద్ అన్న, కరీమా వదిన. ఎనిమిదేళ్ళు ఉన్నారు, రెండున్నర వేలకు, ఒక్క నెల ఆలస్యం లేదు. నా పరీక్షలప్పుడు కరీమా వదిన కిందికి బుట్ట దింపి అందులోనే బఠాణీ కూర పంపేది. ఒప్పందం గడువు అయిపోగానే వాళ్ళను ఖాళీ చేయించమని అమ్మకు చెప్పింది షాబాన్ హాజీ కాదు. నేను. కొత్తగా డిగ్రీ వచ్చిన మత్తు. కాగితం మీద గీతలు గీసి, ఆమ్నా అక్కకు ఎనిమిది వేలని అంకె వేసి, నీకు ఫోనులో గొప్పగా చెప్పుకున్నాను. నువ్వు గదిలో అందరికీ చెప్పావట, నా కూతురు లెక్కల్లో దిట్ట అని.

మొన్న ఆమ్నా అక్క తాళాలు ఇస్తూ అంది: "నీమీద కోపం లేదమ్మాయ్. ముగ్గురు పిల్లలతో వచ్చిన రోజు నాకు బేరమాడే ఓపిక లేదు. నువ్వది చూశావు, అంకె వేశావు. లెక్క తప్పు లేదు." తిట్టి ఉంటే బాగుండేది. అడ్వాన్సు మొత్తం, వాడుకోని ఇరవై రోజుల అద్దె కూడా ఆమె చేతిలో పెట్టాను. "ఇది లెక్కలో లేదుగా" అని నవ్వింది.

మర్నాడే రెండు బస్సులు మారి కరీమా వదిన ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఏం చదువుకున్న పిల్లా, దారి తప్పావా? లేక ఈ ఇంట్లోంచి కూడా ఖాళీ చేయించడానికొచ్చావా?" అంది.

"మీ ఇల్లు మీకిద్దామని వచ్చాను వదినా."

"ఎంతకు? పదివేలకా? సయ్యద్, ఇలా రా, మన ఇంటావిడ వచ్చింది, కుర్చీ తుడువు!"

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఐదు వేలు. మూడేళ్ళకు కాగితం. ఏడాదికి పది శాతం పెంపు, ముందే రాసి పెడదాం. మధ్యలో మార్కెట్ ఎగిరినా నేను నోరెత్తను, పడినా మీరు నోరెత్తకూడదు" అన్నాను.

"నాలుగున్నర."

"వదినా, ఐదుకు దిగి నేనే వచ్చాను."

"పెళ్ళికాని పిల్లవి, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చావని నాలుగు వేల ఎనిమిది వందలు. వంటింటి కుళాయి బాగు చేయించావా?"

"రెండేళ్ళ నుంచీ కారుతూనే ఉంది."

"అయితే అది నా కుళాయే" అని తలుపు పూర్తిగా తీసింది. చివరకు ఐదు వేలకే ఒప్పుకుంది, కుళాయి నా ఖర్చు!

ఇంటికొచ్చి చెబితే అమ్మ నెత్తిమీద చేతులు పెట్టుకుంది. "ఎనిమిది వేలు వచ్చిన వాటా ఐదు వేలకా! వీధిలో తలెత్తుకోవడం ఎలాగే?" కాగితం తెచ్చి పక్కన కూర్చున్నాను. "అమ్మా, ఎనిమిది వేలు కావాలని కూర్చుంటే ఐదు నెలలు ఖాళీ. ఏడు నెలలకు యాభై ఆరు వేలు. అందులో షాబాన్ హాజీకి ఒక నెల అద్దె. మిగిలింది నలభై ఎనిమిది. ఐదు వేల చొప్పున పన్నెండు నెలలు వస్తే అరవై." అమ్మకు అంకెలు చదవడం రాదు కానీ వేళ్ళ మీద నాకంటే వేగంగా లెక్కిస్తుంది. రెండుసార్లు లెక్కించింది. మూడోసారి హాజీ వాటా దగ్గర ఆగింది. "ఆ ముసలాడికి ఇంతకాలం నాలుగు చెంచాల చక్కెర పోశానా?" అంది.

నాన్నా, ఇక అమ్మ నా పక్షం! స్లాబు సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. చెప్పు విసిరింది, తగల్లేదు, కావాలనే పక్కకు విసిరింది.

నీ జవాబు కోసం రోజుకు మూడుసార్లు మెట్లు దిగుతున్న
నగ్లా

*

జూన్ 2

నా నాన్నకు, నా నాన్నకు, మళ్ళీ నా నాన్నకు,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. చదివి అక్కడే కూర్చుండిపోయాను. ఇస్త్రీ షాపువాడు వేడి పెట్టె పట్టుకునే పైకొచ్చి ఏమైందని అడిగాడు.

నువ్వు చెప్పిన మాటలు ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, నా చేతిరాతలో కూడా ఉండాలని: "పిచ్చిపిల్లా, ఐదో అంతస్తు అద్దెకని నీకెవరు చెప్పారు? షాబాన్ చెప్పాడా? వీధిలో కొడుకులున్నవాళ్ళు కొడుక్కో అంతస్తు వేశారు. కూతురికి అంతస్తు ఎందుకని మీ పెదనాన్న నవ్వుతాడని ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకూ చెప్పలేదు. అది నీది. నువ్వు ఎవర్ని చేసుకున్నా, ఎవర్నీ చేసుకోకపోయినా, ఖాళీ చెయ్యమని నిన్నెవరూ అనకూడదు." కింద బాసిత్ బాబాయి అంచు మాట: 'ఇది చెప్పేసి, గ్లాసులో టీ సగమే పోశానని నన్ను తిట్టాడు.'

నాన్నా, వీధి మొత్తం దండేలు లెక్కపెట్టినదాన్ని, మన మేడ మీద ఆ ఊచలు ఎవరి కోసం నిలబడి ఉన్నాయో ఒక్కసారి కూడా అడగలేదు. నా లెక్క మొదలే తప్పు. అయినా మూడు రోజులు ఆలోచించాను, జవాబు మాత్రం మారలేదు. నా అంతస్తు నీ మోకాళ్ళతో వద్దు.

ఇప్పుడు మన లెక్క విను. కరీమా వదిన ఐదు వేలు. రెండో అంతస్తువాళ్ళకు ఐదున్నర ఉన్నదే ఉంచి మూడేళ్ళకు రాయించాను. నాలుగో అంతస్తు ఆయన ఎనిమిది వేలు కడుతున్నాడు, గడువు ఆగస్టుకు. ఆయన ఇల్లు వెతుక్కోవడం మొదలెట్టకముందే నేనే తలుపు తట్టి "ఆరు వేలు, మూడేళ్ళు" అన్నాను. పాపం, ఏదో కిటుకు ఉందనుకుని కాగితం వెలుతురుకు పట్టి చూశాడు! మొత్తం నెలకు పదహారున్నర వేలు. ఇస్త్రీ షాపు అద్దె వేరే. అమ్మకు, నీకు, నాకు, నీ మోకాళ్ళ డాక్టరుకు సరిపోతుంది. స్లాబు డబ్బు అలాగే ఉంది, అందులోంచి నీ టికెట్. మిగిలింది నా అంతస్తుకు విత్తనం. సిమెంటు ధర ఎప్పుడు దిగుతుందో కూడా కనిపెడతాను, చూస్తూ ఉండు. గోడలు నా సంపాదనతో లేపుతాను. టైల్సు పరిచేవాడికి నువ్వు కుర్చీలో కూర్చుని చెయ్యి చూపించి పని చెప్పు, నేల మీద మాత్రం కూర్చోకు.

సంపాదన ఏమిటంటావా? అది చెప్పకుండా ఎలా ముగిస్తాను! మన వీధిలో ఇప్పుడు అందరూ ఏడు వేలకు, ఆరుకు దిగుతున్నారు, వాటాలు మాత్రం ఖాళీ. మనవి మూడూ నిండుగా ఉన్నాయి. అందుకని శుక్రవారం వచ్చేసరికి ఏడుగురు ఇళ్ళవాళ్ళు కింద గేటు దగ్గర నిలబడి "నగ్లా, ఈ వారం ఎన్ని?" అని అరుస్తున్నారు. ఎవరి వాటాకు ఎంత అడగాలో, ఎంతకు ఆగాలో చెబుతున్నాను, ఒక్కో ఇంటికి ఇంతని తీసుకుంటున్నాను. మొన్న ఎనిమిదో మనిషి కూడా వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి: "ఇంజినీరమ్మా, నాకూ ఒక ముక్క చెప్పకూడదూ?" షాబాన్ హాజీ! అమ్మ టీ ఇచ్చింది. చక్కెర వేయకుండా.

కువైట్‌లో నీ రెసిడెన్సీ పర్మిట్ గడువు జూన్ ఇరవై ఎనిమిది. ఈసారి పొడిగించకు. బాసిత్ బాబాయ్, పొడిగించే కాగితం మీద సంతకం పెట్టే చోటు మీరే చూపిస్తారని నాకు తెలుసు. దయచేసి చూపించకండి.

ఇవాళ పొద్దున అమ్మ, నేను మేడ ఎక్కి, నీ పిల్లర్ల ఊచలకు ఈ చివర నుంచి ఆ చివరకు కొత్త తాడు కట్టాం. పెట్టె అడుగున దాచిన నీ నీలం గలాబియ్యా, ఆ కాళ్ళ దాకా వచ్చే చొక్కా, అమ్మ రెండుసార్లు ఉతికి ఆరేసింది. ఇప్పుడిది రాస్తుంటే చేతుల నిండా గాలి నింపుకుని ఎగురుతోంది. ఎదురు మేడ మీద కరీమా వదిన చుట్టమొకావిడ తన దండెం దగ్గర ఆగి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఏమమ్మా నగ్లా, మీ ఇంటికి కొత్తగా ఎవరొస్తున్నారు?" అని కేకేసింది.

"ఇంటాయన!" అని అరిచాను.

నీ లెక్కల కూతురు,
నగ్లా